వెల్డింగు వద్ద రైతులు వహించవలసిన జాగ్రత్తలు

వంశధార, నాగావళి కాలువలకు నీరు వదలినది మొదలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో దమ్ములు, ఉభాల తొందర ప్రారంభమగును. ఆ రోజులలో ట్రాక్టరు దమ్ముచక్రము విరిగినచో రైతు దానిని వెంటనే వెల్డింగు షాపునకు చేర్చును. అతుకువేయు పనివాడు నల్లఅద్దము అడ్డుపెట్టుకొనును. చక్రము కదలకుండ పట్టుకొని కూర్చున్న రైతుకు మాత్రము ఏ అడ్డును ఉండదు. ప్రమాదము ఇద్దరికిని ఒక్కటే. కావున ఈ క్రింది సంగతులు రైతులు కూడ తెలిసికొనవలెను.

కండ్లకు ముప్పు

రాడ్డు కొనకును ఇనుమునకును నడుమ పుట్టు మెరుపులో వేడి 5,000 సెంటీగ్రేడు డిగ్రీలకు మించియుండును. దానినుండి కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు వెలువడి కంటి పైపొరను కమల్చును. బాధ అప్పుడే తెలియదు. కొన్ని గంటలు గడచిన పిమ్మట, సాధారణముగా రాత్రివేళ, కండ్లలో ఇసుక పోసినట్లుండి నీరు కారును, దీపమును చూడలేరు. అట్టి సమయమున చనుబాలు, ఆముదము కంటిలో వేయుట తగదు. కండ్లు నులుమరాదు. చల్లని తడిగుడ్డ మూసిన కండ్లపై వేసి, వైద్యునికి చూపించుకొనవలెను.

ఎండకు పెట్టుకొను చలువఅద్దములు ఇందుకు చాలవు. 10 నుండి 12 నంబరు వరకుగల వెల్డింగు అద్దము పనివానికే గాక, దగ్గర నుండి పట్టుకొనువారికి కూడ ఉండవలెను. చక్రమును చేతితో పట్టుటకంటె బిగించి కట్టుట మేలు. పిల్లలను దూరముగా పంపివేయవలెను.

తడికాళ్లు, చెమట

వెల్డింగు రాడ్డుకు వచ్చునది 50 నుండి 100 వోల్టులే, ఇంటి కరెంటు 230 వోల్టులు గదా, దీనివలన భయమేమి అని కొందరందురు. పొడిచర్మము కరెంటును కొంత ఆపును; చెమటపట్టిన చర్మము అంతగా ఆపజాలదు. మన తీరప్రాంతపు ఉక్కలో చొక్కా ఎప్పుడును తడిసియే యుండును. ఆపైన దమ్ములోనుండి వచ్చిన తడికాళ్లు. అట్టివానికి రాడ్డు తగిలినను ప్రాణాపాయము కలుగవచ్చును. కనుక:

1. పొడినేలపై, ఎండిన చెక్కమీద నిలబడి, చెప్పులు గాని బూట్లు గాని ధరించి పనిచేయవలెను.
2. పగిలిన హోల్డరు, అతుకులుపడిన తీగ వాడరాదు. మిషను పెట్టెకు ఎర్తు ఉండితీరవలెను.
3. పొలము మోటారు తీగలకు కొక్కెములు తగిలించి మిషను నడుపరాదు.
4. ట్రాక్టరుపైననే అతుకు వేయునపుడు బ్యాటరీ తీగలు విప్పి, క్లాంపును అతుకునకు దగ్గరగా బిగించవలెను.

నిప్పు, పొగ

నిప్పురవ్వలు సుమారు 10 మీటర్ల దూరము ఎగిరిపడగలవు. గడ్డికుప్పల దగ్గర, కళ్ళములో వెల్డింగు చేయించరాదు. పని ముగిసిన తరువాత గంటసేపు ఆ చోటును కనిపెట్టియుండవలెను. ఖాళీ డీజిలు పీపాకు అతుకు వేయించరాదు. నూనె లేకున్నను లోపల నిలిచిన ఆవిరి అంటుకొని పీపా పేలును. పురుగుమందు డబ్బాల విషయము కూడ అంతే. జింకుపూత రేకులను అతుకునపుడు వచ్చు తెల్లని పొగ పీల్చినచో సాయంత్రమునకు చలిజ్వరము రావచ్చును. గాలి ఆడు చోటనే ఆ పని చేయించవలెను.

షాకు తగిలినపుడు

ముందు స్విచ్చి ఆపవలెను. అది వీలుకానిచో ఎండిన కర్రతో తీగను తొలగించవలెను. మనిషిని చేతితో తాకరాదు. శ్వాస ఆగినచో రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుచు, వేరొకరిచే 108కి కబురు చేయించవలెను.

ఈసారి చక్రము పట్టుకొని కూర్చొనుటకు ముందు, “రెండవ అద్దము ఉన్నదా?” అని అడుగుడు. లేదన్నచో వెల్డింగు మొదలుపెట్టనీయకుడు. గ్రామాధికారులు కూడ తమ ఊరి షాపులలో రెండేసి అద్దములు ఉండునట్లు చూచినచో ఎందరి కండ్లనో కాపాడినవారగుదురు.