ఫోనులో కనిపించే సికింద్రాబాద్

మా బావమరిది పుణెలో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇక ఉంటే సికింద్రాబాద్‌లోని మారేడ్‌పల్లిలోనే ఉంటానని పట్టుబట్టాడు. ఫ్లాటు వెతికే పని నా నెత్తిన పడింది. ‘సికింద్రాబాద్‌లో రెండు పడగ్గదుల ఫ్లాట్’ అని ఒకే ఒక్కసారి ఫోనులో వెతికాను. మొదట వచ్చింది శామీర్‌పేట దగ్గరి వెంచర్. రెండోది మేడ్చల్ దారిలో. మూడోది ఘట్‌కేసర్ వైపు. మూడింటి మీదా సికింద్రాబాద్ పేరే. ‘స్టేషన్‌కి ముప్పై నిమిషాలు’ అని కూడా రాశారు. ఏ వేళప్పుడో రాయలేదు. తెల్లవారుజామున మూడింటికైతే నిజమే కావచ్చు.

మర్నాటి నుంచి క్రికెట్ స్కోరు చూసినా, పంచాంగం చూసినా పక్కన ఫ్లాట్లే. అటు పుణెలో మా వాడూ వెతికాడట, అతని ఫోనులోనూ అదే వరస. వారం తిరక్కుండా ఫోన్ చేశాడు. “బావా, సికింద్రాబాద్‌లో ఎక్కడ చూసినా టవర్లే లేస్తున్నాయటగా! ఇప్పుడు కొనకపోతే ఇక మనకు అందవేమో.” మారేడ్‌పల్లిలో ఉంటున్న నాకు కనిపించని టవర్లు పుణెలో ఉన్నవాడికి ఎలా కనిపించాయి? ఈ వ్యాసం ఆ ప్రశ్నలోంచి పుట్టింది.

జూబ్లీ బస్ స్టేషన్ దగ్గర ఒక హోర్డింగ్ ఉందనుకోండి. ఆటోవాలాకీ, కలెక్టరుకీ అది ఒకేలా కనిపిస్తుంది. ఫోనులో ప్రకటన అలా కాదు. మీరు ఒక పేజీ తెరిచి అది పూర్తిగా కనిపించేలోపే, రెప్పపాటులో, మీ ముందు ఎవరి ప్రకటన ఉండాలో తేల్చే వేలంపాట ఒకటి జరిగిపోతుంది. అక్కడ వేలానికి పెట్టిన సరుకు మీ చూపు.

వేలమంటే ఎక్కువ పాడినవాడిదే గెలుపని అనుకుంటాం. గూగుల్ వెతుకులాట ప్రకటనల్లో చిన్న మెలిక ఉంది. పాడిన సొమ్మును ప్రకటన నాణ్యతతో గుణిస్తారు. నాణ్యత అంటే మీరు వెతికిన మాటకు ప్రకటన ఎంత సరిపోతుంది, జనం దాన్ని ఎంతగా నొక్కుతారు, నొక్కాక తెరుచుకునే పేజీ ఎలా ఉంది అన్నవి. అసలు లెక్కలో ఇంకా చాలా కలుస్తాయి గానీ, మోటుగా చెబితే ఇలా ఉంటుంది. ఒక బిల్డరు క్లిక్కుకు 100 రూపాయలు పాడాడు, నాణ్యత 4 మార్కులు. మొత్తం 400. మరొకడు 60 రూపాయలే పాడాడు, నాణ్యత 8. మొత్తం 480. గెలుపు రెండోవాడిదే. అతను 60 కూడా కట్టనక్కర్లేదు. మొదటివాడిని దాటడానికి సరిపడేంత, అంటే 400ను 8తో భాగిస్తే వచ్చే 50 రూపాయల మీద కాస్త కడితే చాలు. గెలిచినవాడు తన పాట కాక కిందివాడి పాటను బట్టి చెల్లించే పద్ధతిని విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లో సిద్ధాంతంగా రాశాడు. గూగుల్ పద్ధతి దానికి దగ్గరి చుట్టం.

ఈ మెలిక వల్లే శామీర్‌పేట సికింద్రాబాద్ అయింది. జనం ‘సికింద్రాబాద్’ అని వెతుకుతారు కాబట్టి ప్రకటనలో ఆ మాట ఉంటే నాణ్యత మార్కులు పెరుగుతాయి, క్లిక్కు చవకవుతుంది. నిజాయితీగా ‘శామీర్‌పేట’ అని రాసుకున్నవాడికి ఈ వెతుకులాటలో చోటు దొరకడం కష్టం. ఊరి పేరును సాగదీసినవాడికి యంత్రమే తగ్గింపు ధర ఇస్తోందన్నమాట.

ఇక ఆ ప్రకటన పంచాంగం దాకా వెంటపడటం సంగతి. 1994లో నెట్‌స్కేప్ కంపెనీ ఇంజనీరు లూ మాంటుల్లి ‘కుకీ’ అనే చిన్న గుర్తుచీటీని తయారుచేశాడు. ఒక సైటుకి ఇంతకుముందు వచ్చారా, కొనుగోలు బుట్టలో ఏం వేశారు అన్నవి బ్రౌజరు గుర్తుంచుకోవడానికి అది పనికొచ్చింది. తర్వాత ప్రకటనల వాళ్లు దాన్ని అందిపుచ్చుకున్నారు. బిల్డరు సైటులో కంటికి కనిపించని చిన్న కోడు ఉంటుంది, ఆ వృత్తిలో పిక్సెల్ అంటారు. మీరు వచ్చి వెళ్లారన్న కబురు అది ప్రకటనల కంపెనీకి చేరవేస్తుంది. ఆ తర్వాత మీరెక్కడికి వెళ్లినా ‘ఈయన ఫ్లాటు చూసిన మనిషి’ అన్న ముద్ర మీతో వస్తుంది. దీన్ని రీటార్గెటింగ్ అంటారు. మీరు కొనేసిన సంగతి మాత్రం పిక్సెల్‌కు తెలియదు. గృహప్రవేశం పాలు పొంగిస్తున్నప్పుడు కూడా ‘త్వరపడండి’ అంటూనే ఉంటుంది.

ఫారంలో నంబరు ఇస్తే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. అప్పుడు మీరు ‘లీడ్’ అవుతారు. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. క్లిక్కుకు 50 చొప్పున వెయ్యి క్లిక్కులకు 50,000 రూపాయలు. వెయ్యిమందిలో నంబరు ఇచ్చేది 20 మంది. అంటే ఒక్కో నంబరు 2,500 రూపాయలకు పడింది. నలభై నంబర్లకు ఒక ఫ్లాటు అమ్ముడైతే దాని మీద ప్రకటన ఖర్చు లక్ష. ఆ ప్రకటన పెట్టింది అమ్మిపెట్టే ఏజెంటైతే, 80 లక్షల ఫ్లాటు మీద అతని రెండు శాతం కమిషనంటే లక్షా అరవై వేలు. ఖర్చు పోను 60,000 మిగులు. సైట్ విజిట్‌కి కారు పంపిస్తామని వెంచరు ఆఫీసు అమ్మాయి రోజుకు మూడుసార్లు ఎందుకు ఫోన్ చేస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. రెండున్నర వేలు పోసి కొన్న నంబరును ఊరికే వదులుకోరు. ఒకసారి నేనిచ్చిన నంబరుకు మూడు రోజుల్లో నాలుగు వేర్వేరు వెంచర్ల వాళ్లు ఫోన్ చేశారు. ఒక పెళ్లిసంబంధం కబురు కూడా అంత వేగంగా పాకదు.

ఇంతవరకు యంత్రం సంగతి. మనసు సంగతి ఇంతకంటే చిత్రం.

1973లో ఆమోస్ ట్వెర్స్కీ, డేనియల్ కానెమన్ ఒక విషయం చూపించారు. ఏదైనా ఎంత తరచుగా జరుగుతుందో అంచనా వేయమంటే, దాని ఉదాహరణలు ఎంత సులువుగా గుర్తొస్తే అంత ఎక్కువని మనిషి అనుకుంటాడు. మా బావమరిదికి సికింద్రాబాద్ అనగానే గుర్తొచ్చేవి రోజుకు ముప్పైసార్లు కళ్లబడే టవర్ల బొమ్మలు. కాబట్టి ఊరంతా టవర్లే. ఫోను చూపించింది ఊరిని కాదు, అతని వెతుకులాటను.

ఇలా వంకరగా ఏరిన కొన్నింటిని చూసి మొత్తాన్ని అంచనా వేయడాన్ని గణాంకశాస్త్రంలో నమూనా దోషం అంటారు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక ఇరవై లక్షలకు పైగా సమాధానాలు సేకరించి లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడంది. గెలిచింది రూజ్‌వెల్ట్. పత్రిక తన చిరునామాలను టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల లాంటి జాబితాల్లోంచి తీసుకుంది. ఆ రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లు కలిగినవాళ్లు. పైగా జవాబు రాసి పంపింది కొందరే. వంకర నమూనా ఎంత పెద్దదైనా వంకరే.

మన ఫోను కూడా అలాంటి పత్రికే. అందులో కనిపించేవి ప్రకటనకు లక్షలు పెట్టగల పెద్ద ప్రాజెక్టులు. అవి సికింద్రాబాద్‌లో ఎక్కువగా ఉండవు. కంటోన్మెంటే సుమారు 40 చదరపు కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం సైన్యం చేతిలో ఉంది, మిగిలినచోట అంతస్తుల మీద కంటోన్మెంట్ బోర్డు ఆంక్షలున్నాయి. ఇటు మారేడ్‌పల్లి, తార్నాక, సైనిక్‌పురి వైపు జరిగేది వేరే తరహా కట్టడం. పాత పెంకుటిల్లో డాబా ఇల్లో ఉన్న మూడు, నాలుగు వందల గజాల స్థలాన్ని ఇంటివాళ్లు డెవలప్‌మెంట్‌కి ఇస్తారు. ఐదారు ఫ్లాట్లు లేస్తాయి. సగం ఇంటివాళ్లవి, సగం బిల్డరువి. ఆ రెండు మూడు ఫ్లాట్లకు డిజిటల్ ప్రకటనలెందుకు? వాచ్‌మన్‌కీ, ఇస్త్రీ బండి అతనికీ, గుడి పూజారికీ చెబితే సరిపోతుంది. మా బావమరిది ఫ్లాటు చివరికి అలాగే దొరికింది. గేటుకు వైరుతో కట్టిన అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసిన నంబరు. అది ఏ వెతుకులాటలోనూ రాలేదు.

ధర దగ్గరికొద్దాం. 2023 ఆగస్టులో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ కోకాపేట నియోపోలిస్ భూములు వేలం వేస్తే ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లు పలికింది. పత్రికల్లో, ఫోన్లలో వారాల తరబడి ఆ అంకే. అదే వేలంలో ఇంకో ప్లాటు 67.25 కోట్లకే పోయిందనీ, మొత్తం 45.33 ఎకరాలకు వచ్చిన 3,319.60 కోట్లను సగటు చేస్తే ఎకరం 73 కోట్ల చిల్లరేననీ ఎంతమందికి గుర్తుంది? ఎకరానికి 4,840 గజాలు. ఆ గరిష్ఠ ధరను గజాల్లోకి మారిస్తే రెండు లక్షల ఎనిమిది వేలు. ఆ తర్వాత మా లైనులో ఒక పెద్దాయన తన పాత ఇంటికి గజం రెండు లక్షలకు పైసా తగ్గనన్నారు. ఆ పోలిక చెల్లదు. హైదరాబాద్‌లో 2006లో, స్థలానికి ఇన్ని రెట్లకు మించి కట్టకూడదన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి తీసేశారు. కోకాపేట కొన్నవాడు పెద్ద స్థలంలో, వెడల్పాటి రోడ్డు పక్కన, ఆ భూమి ధరను యాభై అంతస్తుల మీద పంచుకోగలడు. ఇరుకు గల్లీలో నాలుగైదు అంతస్తులకు మించి లేవని చోట ఆ గజం ధర కుదరదు.

మొదట విన్న అంకె చుట్టూనే అంచనా తిరగడాన్ని యాంకరింగ్ అంటారు, లంగరు వేయడమన్నమాట. దీనికి పామరులే కాదు, పండితులూ చిక్కుతారు. 1987లో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే పరిశోధకులు అమెరికాలోని టూసాన్ నగరంలో రియల్ ఎస్టేట్ ఏజెంట్లకు ఒకే ఇంటిని చూపించారు. వివరాలన్నీ ఒకటే, అమ్మేవాడు చెప్పిన ధరొక్కటే ఒక్కో జట్టుకు ఒక్కోలా ఇచ్చారు. ఎక్కువ ధర చూసిన ఏజెంట్లు ఇంటికి ఎక్కువ విలువ కట్టారు. చెప్పిన ధరను తాము లెక్కలోకే తీసుకోలేదని వాళ్లలో చాలామంది నమ్మకంగా చెప్పారు కూడా.

ఆ మరుసటి ఏడాదే కార్ల్ కేస్, రాబర్ట్ షిల్లర్ నాలుగు అమెరికా ప్రాంతాల్లో కొత్తగా ఇల్లు కొన్నవాళ్లను అడిగారు. ధరలు ఎందుకు పెరుగుతున్నాయంటే, ఎన్ని ఇళ్లు కడుతున్నారు, ఎంతమందికి కావాలి అన్న లెక్కతో జవాబిచ్చినవాళ్లు దాదాపు లేరు. అందరూ అంటున్న మాటలే వాళ్లూ అన్నారు. ఇక్కడ మన కష్టం ఇంకొంచెం ఎక్కువ. మన దగ్గర చాలా దస్తావేజుల్లో రాసే ధర ప్రభుత్వ మార్కెట్ విలువ. చేతులు మారిన అసలు సొమ్ము కాగితం మీదికి రాదు. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ 2007లో మొదలుపెట్టిన రెసిడెక్స్ సూచీలో హైదరాబాద్ ఉంది గానీ, అది నగరం మొత్తానికి చెప్పే అంకె. మీ వీధి సంగతి దానికి తెలియదు. నమ్మదగిన అంకె లేనిచోట పదేపదే కనిపించిన అంకే నిజమైపోతుంది. తప్పు ప్రకటనలదొక్కటే అనను. ఖాళీ గిన్నె మనం చూపించాం, వాళ్లు నింపారు.

చట్టం మన చేతికి ఒకటి రెండు పనిముట్లు ఇచ్చింది. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాజెక్టును ప్రకటించడమే నేరం. ‘ప్రీ లాంచ్ ఆఫర్’ అని వాట్సాప్‌లో తిరిగేవి చాలావరకు ఈ గీతకు అవతలివే. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకముందు పదిశాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టి నష్టపోతే పరిహారం అడగొచ్చు, వద్దనుకుంటే వడ్డీతో సహా వెనక్కి తీసుకోవచ్చు. 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 598 గజాలకు మించని స్థలాలకూ, ఎనిమిది ఫ్లాట్లకు మించని కట్టడాలకూ ఈ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మారేడ్‌పల్లి అట్టముక్కల ఫ్లాట్లలో చాలావరకు ఈ మినహాయింపులోకే వస్తాయి. వాటికి ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ), లింకు డాక్యుమెంట్లు, నమ్మకమైన వకీలే దిక్కు.

పెద్ద ప్రాజెక్టు విషయంలో మాత్రం ఒక పని చేయండి. ప్రతి మూడు నెలలకోసారి ఏ రకం ఫ్లాట్లు ఎన్ని బుక్కయ్యాయో బిల్డరు రెరా సైటులో పెట్టాలని చట్టం చెబుతోంది. ‘మూడే ఫ్లాట్లు మిగిలాయి, ఈరోజే టోకెన్ కట్టండి’ అని ఈసారి ఫోనొస్తే, రెరా నంబరు అడిగి, తెలంగాణ రెరా సైటులో ఆ ప్రాజెక్టు పేజీ తెరిచి, మూడో ముప్పయ్యో మీరే లెక్కపెట్టుకోండి.