తెరచాప ఓడ నమూనాకు ఏ రంగు?

యతీం పిల్లల ఫీజుల కోసం వేలానికి పెట్టాలని మేము టేకుతో అరబ్బు తెరచాప ఓడ నమూనా ఒకటి చేశాం. ఒంటికంతా ఎనామిల్ పూసేసరికి అది ప్లాస్టిక్ బొమ్మలా తేలింది. ఎవరూ పాట పాడలేదు.

ఆ మెరుపే కొంప ముంచింది. అసలు ధౌ ఓడల్లో నీట మునిగే భాగానికి సున్నం, జంతువుల కొవ్వు కలిపి పూసేవారు, కొయ్యను తొలిచే పురుగు చేరకుండా. పై చెక్కకు చేపనూనె పట్టించేవారు.

ఈసారి ఎనామిల్ గీకేసి, మునిగే భాగానికి మ్యాట్ తెలుపు వేశాం. కాస్త పసుపు రంగు కలిపితేనే అది పాత సున్నంలా వచ్చింది. బాగా ఆరాక పైభాగానికి లిన్‌సీడ్ నూనె గుడ్డతో పల్చగా రుద్దాం. ముందే నూనె పట్టిస్తే రంగు సరిగా అంటదు. ఆ గుడ్డలను మాత్రం ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. విప్పి ఆరుబయట ఆరేయాలి.

ఇన్షా అల్లాహ్, రంజాన్ తరువాత మళ్ళీ వేలం.