భిన్నాభిప్రాయానికీ విద్యాలయంలో చోటుండాలి

విద్య ప్రశ్నతో మొదలవుతుంది. ప్రశ్నకు భయపడే చోట వల్లెవేయడమే మిగులుతుంది, జ్ఞానం మిగలదు.

మదరసాలలో చదువుకున్న మాకు ఇది కొత్త సంగతి కాదు. దర్సె నిజామీలో బోధించే ‘హిదాయా’ గ్రంథం తెరిస్తే, ఒకే మస్అలాపై ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఒక మాట, ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ మరో మాట చెప్పడం కనిపిస్తుంది. ఇమామ్ షాఫయీ (రహ్మ) అభిప్రాయమూ, దాని దలీలూ పక్కనే ఉంటాయి. గురువుతో విభేదించినందుకు ఆ శిష్యులను ఎవరూ వెలివేయలేదు. పైగా వారి మాటపైనే ఎన్నో ఫత్వాలు వెలువడ్డాయి.

పాలకుడు ఒకే అభిప్రాయాన్ని అందరిపై రుద్దిన సందర్భమూ మన చరిత్రలో ఉంది. క్రీ.శ. 833లో ఖలీఫా మామూన్, ఖుర్ఆన్‌ను ‘సృష్టి’ అని ఒప్పుకోవాలంటూ ఉలమాలను విచారణకు నిలబెట్టాడు. ఒప్పుకోని ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ)ను చెరలో వేశారు. తర్వాతి ఖలీఫా ముఅతసిమ్ హయాంలో కొరడాతో కొట్టారు. చరిత్ర ఎవరిని గౌరవించిందో పాఠకులకు తెలుసు.

అలా దెబ్బలు తిన్నవారి వారసులమని చెప్పుకునే మనమే కొరడా అందుకుంటే? 1992లో ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియాలో జరిగింది అదే. చరిత్రకారుడు ప్రొఫెసర్ ముషీరుల్ హసన్ అప్పుడక్కడ ప్రో వైస్ ఛాన్సలర్. రష్దీ నవలపై 1988లో విధించిన నిషేధాన్ని తొలగించాలని ఆయన ఒక ఇంటర్వ్యూలో అన్నారు. తాను ఆ పుస్తకాన్ని సమర్థించడం లేదని వివరణ ఇచ్చినా ఆందోళన ఆగలేదు. నెలల తరబడి క్యాంపస్‌కు దూరంగా ఉండవలసి వచ్చింది. డిసెంబరులో తిరిగి వస్తే కొట్టి గాయపరిచారు.

ఆ నవల మన మనసులను గాయపరచిన మాట నిజమే. ప్రొఫెసర్ అభిప్రాయాన్ని ఖండించే హక్కు విద్యార్థులకు ఉంది. వ్యాసం రాయవచ్చు, సభ పెట్టవచ్చు, ఎదురుగా నిలిచి అడగవచ్చు. చేయి చేసుకునే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

ఆయనే 2004లో జామియా వైస్ ఛాన్సలర్ అయ్యారు. 2008 సెప్టెంబరులో బాట్లా హౌస్ ఎన్‌కౌంటర్ తర్వాత జామియా విద్యార్థులు అరెస్టయ్యారు. నేరం రుజువయ్యేదాకా వారు నిర్దోషులేనని, విశ్వవిద్యాలయం వారికి న్యాయ సహాయం చేస్తుందని ఆయన ప్రకటించారు. అందుకు రాజకీయ విమర్శలకు గురయ్యారు. ఒకనాడు విద్యార్థుల చేతిలో దెబ్బలు తిన్న మనిషే విద్యార్థుల హక్కు కోసం నిలబడ్డారు!

2022లో కర్ణాటకలో తలపై స్కార్ఫ్ ఉన్నందుకు మన ఆడపిల్లలను కాలేజీ గేటు దగ్గరే ఆపారు. మార్చి 15న హైకోర్టు ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరొక తీర్పు ఇచ్చారు. అప్పుడు మనం అడిగింది రాజ్యాంగం ఇచ్చిన స్వేచ్ఛనే. మన అమ్మాయి కోసం అడిగిన ఆ స్వేచ్ఛను, మనకు నచ్చని మాట చెప్పే అధ్యాపకునికి కాదనడం ఏ న్యాయం?

తల్లిదండ్రులారా! పిల్లలను యూనివర్సిటీకి పంపేటప్పుడు ఫీజుతో పాటు ఒక మాట కూడా ఇచ్చి పంపండి. మాటకు మాటతోనే జవాబు చెప్పాలి, దలీలుకు దలీలు చూపాలి. మన పెద్దలు ‘అదబె ఇఖ్తిలాఫ్’ అన్నది ఈ మర్యాదనే.