మిథైల్ బ్రోమైడ్ – మేలూ, కీడూ

నిల్వ ఉంచిన ధాన్యానికి పురుగు పడుతుంది. ఓడల్లో వచ్చే కలపతోపాటు పరదేశపు పురుగులూ రేవులో దిగుతాయి. గింజల సందుల్లోకీ, కలప పగుళ్లలోకీ పొడిమందు సరిగా చేరదు. వాయువు చేరుతుంది. వాయువుతో పురుగులను చంపే పద్ధతిని ధూపనం అంటారు. ఇందుకు చాలాకాలంగా వాడుతున్న వాయువు మిథైల్ బ్రోమైడ్.

మీథేన్ అణువులో ఒక కార్బన్ పరమాణువు, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. ఒక హైడ్రోజన్ స్థానంలో బ్రోమిన్ చేరితే మిథైల్ బ్రోమైడ్ అవుతుంది. ఇది ఒక సరళమైన ఆల్కైల్ హాలైడ్. మిథైల్ ఆల్కహాల్‌కూ హైడ్రోజన్ బ్రోమైడ్‌కూ మధ్య చర్య జరిపి దీన్ని తయారుచేస్తారు. ఈ చర్యలో నీరు కూడా ఏర్పడుతుంది.

ఈ వాయువుకు రంగు లేదు. 3.6 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. కనుక ఒత్తిడితో ద్రవంగా మార్చి సిలిండర్లలో నింపుతారు. గాలికంటె మూడు రెట్లకు పైగా బరువైనది కావడంవల్ల పల్లపు చోట్ల పేరుకుంటుంది. తక్కువ మోతాదులో వాసన తెలియదు. పీల్చిన మనిషికి ఊపిరితిత్తులు, నాడీమండలం దెబ్బతింటాయి. అందుచేత కళ్లు మండించే క్లోరోపిక్రిన్‌ను హెచ్చరికగా కొద్దిగా కలుపుతారు.

ఒకప్పుడు దీన్ని మంటలార్పే సాధనాల్లో వాడేవారు. పురుగులను చంపే గుణం ఉన్నదని 1932లో ఫ్రాన్స్‌లో తెలిసింది. పురుగు శరీరంలో కార్బన్–బ్రోమిన్ బంధం తెగి, మిథైల్ సమూహం ప్రోటీన్లకు అంటుకుంటుంది. ప్రోటీన్లు పనిచేయక పురుగు చనిపోతుంది.

కీడు కూడా ఆ బంధం తెగడంవల్లే కలుగుతుంది. గాలిలో కలిసిన వాయువు కొంత స్ట్రాటో ఆవరణానికి చేరుతుంది. అక్కడ అతినీలలోహిత కిరణాలు బంధాన్ని తెంచుతాయి. విడివడిన బ్రోమిన్ ఓజోన్‌ను ఆక్సిజన్‌గా మారుస్తుంది. తాను మాత్రం తరిగిపోదు. ఓజోన్‌ను నాశనం చేయడంలో బ్రోమిన్ పరమాణువు క్లోరిన్ పరమాణువు కంటె సుమారు 60 రెట్లు శక్తిమంతం. ఓజోన్ పొర పలుచబడితే హానికరమైన కిరణాలు నేలను చేరతాయి.

ఓజోన్ పొర రక్షణకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం పరిధిలోకి 1992లో మిథైల్ బ్రోమైడ్‌ను చేర్చారు. దీని వాడకం మానడానికి అభివృద్ధి చెందిన దేశాలకు 2005, వర్ధమాన దేశాలకు 2015 గడువులయ్యాయి. రేవుల్లో ఎగుమతి, దిగుమతి సరకుల ధూపనానికి మినహాయింపు ఉంది. ఈ వాయువు గాలిలో సగటున ఏడాదిలోపే నశిస్తుంది. కాబట్టి వాడకం తగ్గగానే గాలిలో దాని పరిమాణమూ తగ్గింది.

దీనికి బదులు ఇతర మార్గాలున్నాయి. విదేశాలకు పోయే చెక్కపెట్టెల మీద గోధుమ కంకి ముద్ర పక్కన ‘ఎం.బి.’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పట్టించారని గుర్తు. ‘హెచ్.టి.’ అని ఉంటే చెక్కను లోపలిదాకా 56 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలపాటు వేడిచేశారని గుర్తు. రెండింటివల్లా పురుగు చస్తుంది. రెండవదానివల్ల ఓజోన్ పొరకు బ్రోమిన్ బాధ ఉండదు.