పునాదికే తీరిపోయే లక్ష

కట్టుబడికి ఏం కావాలో అవన్నీ ఉత్తర తెలంగాణలోనే ఉన్నాయి. నిర్మల్ జిల్లా బాసరను ఆనుకుని గోదావరి, అందులో ఇసుక. ఉమ్మడి ఆదిలాబాద్ తూర్పు కొసన దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ. ఏరు దాటితే బసంత్‌నగర్‌లో మరొకటి. ఇటుక బట్టీకి సింగరేణి బొగ్గు, బూడిద ఇటుకకు రామగుండం ఎన్టీపీసీ బూడిద, గడపకు కరీంనగర్ గ్రానైటు. ఇన్ని ఉన్న ప్రాంతంలో పేదవాడి ఇల్లు మాత్రం పిల్లర్ల దగ్గరే ఏళ్లకేళ్లు ఆగిపోతోంది.

ఒకప్పుడు ఇక్కడి ఇల్లు ఊరి సరుకుతోనే లేచేది. మట్టి గోడ, టేకు దూలం, గూన పెంకు. బజారులో కొనేది తక్కువ, ఇంటిల్లిపాది చెమట ఎక్కువ. స్లాబ్ ఇల్లు వచ్చాక లెక్క మారింది. సలాక, సిమెంటు, కంకర, ఇటుక అన్నీ కొనాల్సిందే. వాటి ధరలు ఊరి చేతిలో లేవు.

ముందు నేల సంగతి చెప్పాలి. ముథోల్, భైంసా, బాసర వైపు ఎక్కువగా నల్లరేగడి. పత్తికి, సోయాకు మంచిదే గానీ ఇంటికి కాదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పైపైన పునాది వేస్తే గోడలు పగులుతాయి. అందుకే మేస్త్రీ గట్టి నేల తగిలేదాకా తవ్వమంటాడు. కింద బీము కట్టి, లోపల మొరం నింపమంటాడు. గట్టి నేలపై కట్టే ఇంటికంటే ఇక్కడ ఎక్కువ సలాక, ఎక్కువ సిమెంటు భూమిలోకే పోతాయి. రాష్ట్ర ప్రభుత్వం ఇందిరమ్మ పథకంలో పేదవాడి ఇంటికి ఇచ్చే రూ.5 లక్షలకు మాత్రం నేల తేడా లేదు. ఆ డబ్బు నాలుగు విడతల్లో వస్తుంది. మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాకే. అంటే అన్నిటికన్నా కష్టమైన పని అప్పుతోనే మొదలుపెట్టాలి.

ఇసుకది ఇంకో చిక్కు. వానాకాలంలో గోదావరి నిండుతుంది, శ్రీరామసాగర్ వెనుక జలాలు బాసర దాకా తన్నుకొస్తాయి. ఇసుక నీటి కిందికి పోతుంది. నీరు, భూమి, చెట్ల రక్షణకున్న వాల్టా చట్టం, ఇసుక అనుమతుల నిబంధనలు ఏటిని కాపాడడానికి కావాల్సినవే, వాటిని తప్పుపట్టలేం. కానీ అనుమతి ఆలస్యమైతే, రేవు దూరమైతే ట్రాక్టర్ ట్రిప్పు ధర పెరుగుతుంది. ఇసుక ఉచితమని చెప్పినా డీజిల్, కూలీ, కిరాయి ఉచితం కావు.

సలాక ధర ఎక్కడో దేశం కాని దేశంలో తేలుతుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో బొగ్గు ధర ఎగబాకి, స్టీలు టన్ను డెబ్బై వేలు దాటింది. ఆ మే నెలలో కేంద్రం ఎగుమతి సుంకం వేశాకే కొంత దిగింది. సిమెంటు సంగతికొస్తే, కంపెనీలు కూడబలుక్కుని ధరలు పెంచుతున్నాయని 2012లో కాంపిటీషన్ కమిషన్ పదకొండు సంస్థలకు రూ.6 వేల కోట్లకు పైగా జరిమానా వేసింది. ఆ వివాదం కోర్టులకెక్కింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. రూ.350 బస్తాపై రూ.27 తగ్గాలన్నమాట. ఆ తగ్గింపు కొనేవాడి దాకా వస్తోందా లేదా అని ప్రతి మండలంలో అడిగేవాళ్లుండాలి.

నాలుగు వందల చదరపు అడుగుల ఇందిరమ్మ ఇంటికి మేస్త్రీల అంచనాలో సుమారు 160 బస్తాలు, టన్నున్నర సలాక పడతాయి. బస్తాకు యాభై, టన్నుకు పదివేలు పెరిగితే ఇంటిపై పడే అదనపు భారం రూ.23 వేలు. నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే నెలకు రూ.460. పని ఆగిన ప్రతి నెలా ఆ మిత్తి పెరుగుతూనే ఉంటుంది. అందుకే నిర్మల్, జగిత్యాల పల్లెల్లో ఇల్లు పూర్తి కావాలంటే ఇంట్లో ఒకరు గల్ఫ్ పోవాల్సి వస్తోంది. తాను కట్టుకున్న ఇంట్లో తానుండలేని బతుకు అది.

ఈ లెక్క ప్రభుత్వానికి తెలియనిది కాదు. గత ప్రభుత్వ డబుల్ బెడ్రూం పథకంలో 560 చదరపు అడుగుల పల్లె ఇంటికి 2015లోనే రూ.5.04 లక్షలు ఖరారు చేశారు. గిట్టుబాటు కాదని చాలాచోట్ల కాంట్రాక్టర్లు టెండరే వేయలేదు. యంత్రాలు, పెట్టుబడి ఉన్న కాంట్రాక్టరు వద్దన్న ధరకే, ఇన్నేళ్ల తర్వాత, కూలి చేసుకునే కుటుంబం ఇల్లు కట్టాలంటున్నాం. విస్తీర్ణం 560 నుంచి 400 అడుగులకు తగ్గినంత మాత్రాన పునాది ఖర్చు అదే లెక్కన తగ్గదు. ప్రభుత్వ పనుల్లో సిమెంటు, స్టీలు ధరలు పెరిగితే కాంట్రాక్టరుకు తేడా చెల్లించే పద్ధతి ఉంది. పేదింటికి ఆ పద్ధతి ఎందుకుండకూడదు?

చేయాల్సింది అసాధ్యమేమీ కాదు. డబుల్ బెడ్రూం ఇళ్ల కోసం కంపెనీలతో మాట్లాడి సిమెంటు బస్తా రూ.230కి ఒప్పించిన అనుభవం తెలంగాణకు ఉంది. అలాంటి బేరం ఇందిరమ్మ ఇళ్లకూ కుదర్చాలి. వానలకు ముందే మండలానికో ఇసుక నిల్వ పెట్టాలి. రేగడి నేలలకు పునాది కింద అదనపు సాయం ఇవ్వాలి. మొదటి విడతలో సగమైనా ముగ్గు పోసిన రోజే చేతికందాలి. జిల్లా ధరలను బట్టి సాయాన్ని ఏటా సవరించాలి. ఇవి చేయకుండా ఇళ్ల మంజూరు సంఖ్యలు ఎన్ని ప్రకటించినా, అప్పు పుట్టినవాడికే ఇల్లు దక్కుతుంది. అన్నిటికంటే ముందు ఇల్లు అందాల్సినవాడు అప్పు పుట్టని వాడే.