యుద్ధం, శాంతి: అంతర్జాతీయ వర్తకంపై వాటి ప్రభావం

తులనాత్మక వ్యయాలు, సుంకాలు, మారకపు రేట్ల గురించి ఇంతవరకు చదువుకున్నాం. ఆ సిద్ధాంతాలన్నింటి వెనుక పైకి చెప్పని ఒక ప్రమేయం ఉంది: ఒక రేవులో ఎక్కించిన సరుకు మరో రేవుకు నిరాటంకంగా చేరుతుంది. యుద్ధం వస్తే మొదట దెబ్బతినేది ఈ ప్రమేయమే. అది ఎలాగో చూద్దాం.

1. రవాణా మార్గం: 1967 జూన్‌లో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం వల్ల సూయజ్ కాలువ మూతపడింది. తిరిగి తెరుచుకున్నది 1975 జూన్‌లో. ఆ ఎనిమిదేళ్ళూ బొంబాయి నుంచి లండన్ వెళ్ళే ఓడలు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి వెళ్ళాయి. సుమారు 6,200 నాటికల్ మైళ్ళ ప్రయాణం సుమారు 10,700 మైళ్ళయింది. భారతదేశం ఆ యుద్ధంలో లేదు. అయినా అదనపు ఇంధనం, ఆలస్యం, కిరాయి భారం మన వర్తకంపై కూడా పడ్డాయి.

2. భయానికి ధర: దాడి జరగనవసరం లేదు, జరుగుతుందన్న అనుమానం చాలు. యుద్ధ ప్రమాద బీమా ప్రీమియం పెరుగుతుంది, బ్యాంకులు పరపతికి వెనుకాడతాయి. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో హౌతీలు ఓడలపై దాడులు చేయడంతో, సూయజ్ కాలువ తెరిచే ఉన్నా అనేక కంపెనీలు మళ్ళీ ఆఫ్రికా చుట్టూ ఓడలను నడిపాయి.

3. సరఫరా: 2022 ఫిబ్రవరిలో రష్యా దాడితో ఉక్రెయిన్ నల్లసముద్రపు రేవులు స్తంభించాయి. అప్పటికి మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో అధికభాగం అక్కడిదే. మన కిరాణా కొట్లలో నూనె ప్యాకెట్ ధర పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. ఆదాయంలో ఎక్కువ భాగం తిండికే ఖర్చయ్యే కుటుంబానికి ఈ భారం ఎక్కువ.

అదే ఏడాది జులైలో ఐక్యరాజ్యసమితి, తుర్కియే మధ్యవర్తిత్వంతో ధాన్యం ఒప్పందం కుదిరింది. యుద్ధం ఆగలేదు, కానీ ఏడాదిలో దాదాపు 3.3 కోట్ల టన్నుల ఆహారోత్పత్తులు ఆ రేవులు దాటాయి. పరిమితమైన శాంతికి కూడా ఆర్థిక విలువ ఉందని దీనివల్ల తెలుస్తుంది.

4. శాంతి తరువాత: పోరు ముగిసినంత మాత్రాన వర్తకం పాత దారికి రాదు. సూయజ్ మూతపడిన కాలంలో నిర్మించిన భారీ చమురు ఓడలు అనేకం, కాలువ తెరిచాక నిండు సరుకుతో అందులో పట్టలేదు. మరోవైపు, 1951లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ సహా ఆరు దేశాలు బొగ్గు, ఉక్కు రంగాలను ఉమ్మడి అజమాయిషీలోకి తెచ్చాయి. నేటి ఐరోపా సమాఖ్యకు పునాది అదే.

అయితే వర్తకం ఉంటే యుద్ధం రాదని అనుకోరాదు. 1914కు ముందు బ్రిటన్, జర్మనీలు పరస్పరం ముఖ్య వర్తక భాగస్వాములే. వర్తకం యుద్ధాన్ని ఖరీదైనదిగా చేస్తుంది, అసాధ్యం చేయదు. శాంతిని నిలిపేది రాజకీయ నిర్ణయమూ, దాన్ని కాపాడే సంస్థలూ.

మీ ప్రగతిని సరిచూసుకోండి: యుద్ధంలో పాల్గొనని దేశం కూడా యుద్ధ వ్యయాన్ని ఏయే మార్గాల్లో భరిస్తుంది? ఒక ఉదాహరణతో వివరించండి.