కుచ్చు (గాలము)

చేపల వేటలో కృత్రిమ ఎర తోక గాలమునకు కట్టు ఈకల, వెంట్రుకల లేదా కృత్రిమ పోగుల గుత్తిని కుచ్చు అనవచ్చును. ఎరను లాగుట ఆపినను ఇది నీటిలో ఆడుచు బ్రతికియున్న చేపపిల్లను తలపించును.

ఎంపిక

ఈకలు మెత్తగా ఆడును గాని, పదునైన పండ్లుగల సముద్రపు చేపలు వాటిని త్వరగా చించివేయును. కృత్రిమ పోగులు ఎక్కువకాలము మన్నును. కుచ్చు మరీ పొడవైనచో చేప కొనను మాత్రమే కొరికి తప్పించుకొనును. మరీ దట్టమైనచో ఎర కదలిక మందగించును.

భద్రాచలం ప్రాంతము

ఇచ్చటి చెరువులలో కప్పలను, చిన్న చేపలను వేటాడు కొర్రమీను కలుపు మొక్కల నడుమ పొంచియుండును. వాటిలో చిక్కుకొనని పొట్టి కుచ్చు దీనికి అనువైనది. సమీపమున కిన్నెరసాని అభయారణ్యము కలదు. కుచ్చు కొరకు జింకను గాని, నెమలిని గాని వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. పెంపుడు కోడి ఈకలు, మేక వెంట్రుకలు ఇందుకు చాలును.